గెలిచినవాళ్ళకే మళ్ళీ బంతి

ఫుట్‌బాల్‌లో గోల్ పడ్డాక ఆట మళ్ళీ ఎలా మొదలవుతుందో మనందరికీ తెలుసు. గోల్ సమర్పించుకున్న జట్టు బంతిని మైదానం మధ్యలో పెట్టి తన్నుతుంది. తన్నడం అంటే పక్కనున్న తనవాళ్ళకి అందించుకోవడమే, కాబట్టి బంతి వాళ్ళదే. రగ్బీ లీగ్‌లో కూడా పాయింట్లు సమర్పించుకున్న జట్టే మధ్యలోంచి తన్నాలి. చదవడానికి రెండూ ఒకే నియమంలా ఉంటాయి. కానీ రగ్బీ లీగ్‌లో ఆ బంతి కనీసం పది మీటర్లు ముందుకు పోవాలి, ముందున్నది ప్రత్యర్థులు. బంతిని దూరంగా తన్నితే దాదాపు ఎప్పుడూ వాళ్ళే అందుకుంటారు. అంటే ఇప్పుడే గీత దాటి బంతిని నేలకి తాకించి ట్రైకి నాలుగు పాయింట్లు, కన్వర్షన్‌కి మరో రెండు కలుపుకున్న జట్టు చేతికే బంతి మళ్ళీ వస్తుంది.

ఈ నియమం మీద ఆస్ట్రేలియాలో 2025 చివర్నుంచి వాదన గట్టిగా నడుస్తోంది. మార్పు కోరేవాళ్ళు అంటున్నదిది: పాయింట్లు సమర్పించుకున్న జట్టుకి ఎంపిక ఇవ్వండి, తన్నాలనుకుంటే తన్నుతుంది, అందుకోవాలనుకుంటే అందుకుంటుంది. వద్దనేవాళ్ళ మాటా సూటిగానే ఉంటుంది: కష్టపడి స్కోర్ చేసినవాళ్ళ ఊపు తీసుకెళ్ళి వెనకబడ్డవాళ్ళకి ఇవ్వడం ఏం న్యాయం? సిడ్నీలోనో బ్రిస్బేన్‌లోనో బంతి ఎవరు తన్నాలన్న గొడవ మనకెందుకు అనిపించొచ్చు. కానీ దీని అడుగున ఉన్న ప్రశ్న మనకీ తెలిసిందే. ఒకసారి గెలిచినవాళ్ళకి ఆ గెలుపుతో పాటు, తర్వాతి గెలుపుకి కావలసిన సరంజామా కూడా ఇచ్చేయాలా? బహుమతి ఎక్కడితో ఆగాలి?

ఈ ప్రశ్న నాకు మహిళల స్టేట్ ఆఫ్ ఆరిజిన్ మ్యాచ్‌లు చూస్తున్నప్పుడు ఎక్కువ బరువుగా తోస్తుంది. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల ప్రాతినిధ్య జట్లు ఆడే సిరీస్ అది. మగవాళ్ళ మ్యాచ్ 80 నిమిషాలు, వీళ్ళది 70. ఏడాదికి మూడు మ్యాచ్‌లు. అంటే ఈ స్థాయి ఆట మొత్తం కలిపి ఏడాదికి 210 నిమిషాలు, మనం ఓ పెద్ద సినిమా చూసేంత సేపు. అందులో ఒక జట్టు వరసగా రెండు ట్రైలు సమర్పించుకుని పదీ పన్నెండు నిమిషాలు బంతి మొహం చూడకపోతే, పోయింది ఆ పన్నెండు నిమిషాలు మాత్రమే అనలేం. మళ్ళీ ప్రయత్నించడానికి వచ్చే వారం ఇంకో మ్యాచ్ లేదు.

గెలిచినవాళ్ళకే మళ్ళీ అవకాశం అన్న పద్ధతి మనకేం కొత్త కాదు. అష్టాచెమ్మాలో చెమ్మా పడినా అష్టా పడినా గవ్వలు మళ్ళీ మీ చేతికే వస్తాయి. అవతలివాళ్ళ కాయని చంపితే ఇంకో పందెం. క్యారమ్స్‌లో కాయ పడినంతసేపూ మీదే ఆట. కబడ్డీ దీన్ని ఇంకోలా చూస్తుంది. అక్కడ కూతకి వెళ్ళే వంతు మారుతూనే ఉంటుంది. ఎవరు పాయింట్ తెచ్చారన్నదానితో దానికి సంబంధం లేదు. ఒక జట్టు మొత్తం అవుటైపోతే ప్రత్యర్థికి లోనా కింద రెండు పాయింట్లు అదనంగా ఇస్తారు, ఆ వెంటనే అవుటైన ఏడుగురినీ తిరిగి మైదానంలోకి పిలుస్తారు. బహుమతి బహుమతే, ఆట ఆటే అన్నమాట. నెట్‌బాల్‌లో కూడా గోల్ ఎవరు వేసినా మధ్యలోంచి మొదలుపెట్టే వంతు మార్చి మార్చి వస్తుంది. పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్‌లో పాయింట్లు సమర్పించుకున్నవాళ్ళే ప్రత్యర్థికి తన్నాలి, ఏడుగురు ఆడే సెవెన్స్‌లో స్కోర్ చేసినవాళ్ళు తన్నాలి. కాబట్టి ఇందులో ప్రకృతి ధర్మం లాంటిదేమీ లేదు. మనుషులు కూర్చుని రాసుకున్న నియమాలివి. రాసుకున్నవాటిని మళ్ళీ రాసుకోవచ్చు.

అయితే రగ్బీ లీగ్ నియమాన్ని విడిగా తీసి చూస్తే దానికి అన్యాయం చేసినట్టే. దాని పక్కన ఇంకో నియమం ఉంది. బంతి చేతిలో ఉన్న జట్టుకి ఆరు ట్యాకిల్స్ మాత్రమే. ఆరోసారి కూడా పట్టుబడితే బంతి అవతలివాళ్ళకి ఇచ్చేయాలి. ఈ లెక్క మొదట్నుంచీ లేదు. సిడ్నీ పోటీలో సెయింట్ జార్జ్ క్లబ్ 1956 నుంచి 1966 దాకా వరసగా 11 టైటిళ్ళు గెలిచిన రోజుల్లో ట్యాకిల్స్‌కి పరిమితి లేదు, బంతిని వదులుకోనంతసేపూ మీ దగ్గరే. 1967లో నాలుగు ట్యాకిల్స్ పరిమితి వచ్చింది, 1971లో అది ఆరైంది. పరిమితి వచ్చిన ఏడాదే ఆ 11 ఏళ్ళ వరస తెగింది. ఒక్క నియమమే కారణమని నేననను, కానీ ఈ ఆట తన చరిత్రలో ఒకసారి కూర్చుని ‘బంతి ఎంతసేపు ఒకరి దగ్గర ఉండొచ్చు’ అని ఆలోచించింది, వంతు అనే ఊహని ఒప్పుకుంది.

ఆరు ట్యాకిల్స్ లెక్క కచ్చితంగా నడిచినంత కాలం కిక్-ఆఫ్ నియమం అంత చెడ్డదేం కాదు. ఎందుకంటే బంతి అందుకున్న జట్టు తన గోల్ గీతకి దగ్గర్లో మొదలవుతుంది. ఆరు ట్యాకిల్స్‌లో మైదానం మధ్య దాకా వస్తుంది, చివరికి బంతిని తన్ని వదిలేస్తుంది. తన్నిన జట్టు ఆ కాసేపు ఓర్చుకుంటే దాని వంతు వస్తుంది. అంటే స్కోర్ చేసినవాళ్ళకి బంతి, సమర్పించుకున్నవాళ్ళకి చోటు. ఒకరకంగా సరితూగే పంపకమే.

ఆ తూకం 2020లో కదిలింది. కోవిడ్ వల్ల ఆగిన ఎన్.ఆర్.ఎల్. పోటీ ఆ ఏడాది మే 28న మళ్ళీ మొదలైనప్పుడు ‘సిక్స్ అగైన్’ అనే నియమం తెచ్చారు. ట్యాకిల్ దగ్గర రక్షణ జట్టు తప్పు చేస్తే ఆట ఆపి పెనాల్టీ ఇచ్చే బదులు, ట్యాకిల్స్ లెక్కని అక్కడికక్కడే సున్నాకి తెస్తారు. నాలుగో ట్యాకిల్ తర్వాత ఆ మాట వినపడితే మళ్ళీ ఆరు, మొత్తం పది. ఆట ఆగదు, ఊపిరి తీసుకునే వ్యవధీ ఉండదు. ఇప్పుడు రెండు నియమాలనీ కలిపి చూడండి. ట్రై సమర్పించుకున్నవాళ్ళు అప్పటికే ట్యాకిల్స్ చేసీ చేసీ అలిసిపోయి ఉంటారు. బంతి మళ్ళీ ప్రత్యర్థికే తన్నాలి, మళ్ళీ ట్యాకిల్స్ చేయాలి. అలిసినవాళ్ళు ట్యాకిల్ చేశాక లేవడం ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే తప్పు, తప్పుకి సిక్స్ అగైన్, దాంతో ఇంకో ట్రై, మళ్ళీ కిక్-ఆఫ్. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. 2021 సీజన్‌లో భారీ తేడాల మ్యాచ్‌లు చూసి జనం ఎక్కువగా సిక్స్ అగైన్‌నే తిట్టారు. కానీ రెండు నియమాలూ విడివిడిగా సబబైనవే, కలిస్తేనే చిక్కు. మా వృత్తిలో ఇది రోజూ చూస్తాం. వేర్వేరుగా పరీక్షించినప్పుడు బుద్ధిగా నడిచిన రెండు ముక్కలు కలిపి నడిపినప్పుడు ఒకదాన్నొకటి ఎగదోసుకుని సర్వర్‌ని పడేస్తాయి. ఏ ముక్క కోడ్ చదివినా తప్పు కనపడదు.

సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లో దీనికి ‘మాథ్యూ ప్రభావం’ అని పేరు పెట్టాడు. అప్పటికే పేరున్న శాస్త్రవేత్తకే మరింత గుర్తింపు వచ్చి చేరుతుంది, అదే పని చేసిన అనామకుడికి రాదు. మొదటి గుర్తింపు న్యాయంగానే వచ్చి ఉండొచ్చు, ఇబ్బంది రెండోదాంతో మొదలవుతుంది. తత్వశాస్త్రంలో ఈ గొడవకి రెండు పెద్ద పేర్లున్నాయి. 1971లో జాన్ రాల్స్, రేపు నువ్వు ఏ స్థానంలో ఉంటావో తెలియనప్పుడు ఎలాంటి నియమాలు ఒప్పుకుంటావో అవే న్యాయమైనవి అన్నాడు. 1974లో రాబర్ట్ నోజిక్ బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ట్ చాంబర్లేన్‌ని ఉదాహరణగా తెచ్చాడు. అతని ఆట చూడటానికి జనం ఇష్టపడి తలా పావు డాలర్ ఎక్కువిస్తే, ఆ డబ్బు అతని దగ్గర పోగవడంలో అన్యాయం ఎక్కడుంది అని అడిగాడు. కిక్-ఆఫ్ నియమాన్ని సమర్థించేవాళ్ళు తెలియకుండానే నోజిక్ పక్షం. సంపాదించుకున్నది వాళ్ళదే కదా అంటారు. కానీ ఆ పోలికలో ఒక తేడా ఉంది. చాంబర్లేన్‌కి డబ్బిచ్చిన జనం తామే ఎంచుకుని ఇచ్చారు. ట్రై చేసిన జట్టుకి బంతి ఇచ్చేది నియమం. ట్రైకి రావలసిన వెల బోర్డు మీద పడిపోయింది, నాలుగు పాయింట్లు. వాటిని ఎవరూ లాక్కోరు. ఆ తర్వాతి బంతి కూడా ఆ వెలలో భాగమా అన్నదే ప్రశ్న. కాదనే నా ఉద్దేశం.

విచిత్రం ఏంటంటే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ పుట్టిందే ఈ ప్రశ్నలోంచి. 1980కి ముందు మగవాళ్ళ అంతర్రాష్ట్ర మ్యాచ్‌లకి ఆటగాళ్ళని అప్పుడు ఆడుతున్న చోటుని బట్టి ఎంపిక చేసేవాళ్ళు. సిడ్నీ క్లబ్బులకి 1956లో చట్టబద్ధమైన పోకర్ మెషీన్ల మీద వచ్చే డబ్బుంది. ఆ డబ్బుతో క్వీన్స్‌లాండ్ మంచి ఆటగాళ్ళని కొనుక్కునేవాళ్ళు. తర్వాత ఆ ఆటగాళ్ళే న్యూ సౌత్ వేల్స్ జెర్సీ వేసుకుని సొంత రాష్ట్రాన్ని ఓడించేవాళ్ళు. గెలుపు డబ్బుని తెస్తుంది, డబ్బు ఆటగాళ్ళని తెస్తుంది, ఆటగాళ్ళు గెలుపుని తెస్తారు. 1980 జూలై 8న ఆ గొలుసు తెంపారు. ఎక్కడ మొదలయ్యావో ఆ రాష్ట్రానికి ఆడు అన్నారు. అన్నాళ్ళూ న్యూ సౌత్ వేల్స్ తరఫున ఆడిన ఆర్థర్ బీట్‌సన్ 35 ఏళ్ళ వయసులో క్వీన్స్‌లాండ్ కెప్టెన్‌గా లాంగ్ పార్క్‌లో దిగాడు. క్వీన్స్‌లాండ్ 20-10తో గెలిచింది. ఇవాళ ఆ పోటీని ఆస్ట్రేలియాలో అతి పెద్ద క్రీడా సంరంభాల్లో ఒకటిగా చెప్పుకుంటారు. దాన్ని ఓడిపోయేవాళ్ళ మీద జాలితో పెట్టిన నియమం అని ఇప్పుడు ఎవరూ అనరు.

మహిళల ఆటలో ఇదే కథ తలకిందులుగా నడిచింది. 1999లో మొదలైన అంతర్రాష్ట్ర పోటీల్లో క్వీన్స్‌లాండ్ 2015 దాకా ఓడిపోనే లేదు. న్యూ సౌత్ వేల్స్ మొదటిసారి గెలిచింది 2016లో. 2018లో ఆ మ్యాచ్‌కి స్టేట్ ఆఫ్ ఆరిజిన్ పేరు పెట్టినప్పుడు నార్త్ సిడ్నీ ఓవల్‌లో 16-10తో గెలిచిందీ న్యూ సౌత్ వేల్సే. ఒకే రెండు రాష్ట్రాలు, ఒకే జెర్సీలు. మగవాళ్ళ దగ్గర వెనకబడ్డది ఒకరు, ఆడవాళ్ళ దగ్గర ఇంకొకరు. మంచి నియమం ఎవరి పేరూ అడగదు అనడానికి ఇంతకంటే దాఖలా అక్కర్లేదు. పాయింట్లు సమర్పించుకున్న జట్టుకి ఎంపిక ఇవ్వాలి అన్నప్పుడు ఆ జట్టు నిమిషానికోసారి మారుతుంది. ఇప్పుడు మీరు, కాసేపాగితే మేము.

జాలి అన్న మాట వచ్చింది కాబట్టి దాన్ని వదలకుండా చూద్దాం. మహిళల ఆట విషయంలో ఏ నియమం మార్చినా ఒక అనుమానం వస్తుంది: వీళ్ళకి చేతకాదని సులువు చేస్తున్నారా? ఎన్.ఆర్.ఎల్.లో 40/20 అనే నియమం ఉంది. మీ 40 మీటర్ల గీత లోపల్నుంచి తన్నిన బంతి ప్రత్యర్థి 20 మీటర్ల గీత దాటాక, మైదానంలో పడి, పక్క గీత బయటికి పోతే బంతి మళ్ళీ మీకే. మహిళల ఎన్.ఆర్.ఎల్.డబ్ల్యు.లో అదే నియమం 40/30. ఇది రాయితీ అని వెక్కిరించేవాళ్ళుంటారు. నేనలా చూడను. ఆట అంటే అవసరం లేని అడ్డంకుల్ని ఇష్టపడి దాటే ప్రయత్నం అని బెర్నార్డ్ సూట్స్ 1978లో ‘ది గ్రాస్‌హాపర్’ అనే పుస్తకంలో వాదించాడు. ఆ లెక్కన అడ్డంకి ఎంత ఎత్తుండాలి అన్నది పరువు సమస్య కాదు. దాటొచ్చేమో అని ఆశ పుట్టేంత దగ్గరగా, దాటలేమేమో అని భయం వేసేంత దూరంగా ఉండాలి. ఎవరూ ప్రయత్నించని నియమం పుస్తకంలో ఉన్నా లేనట్టే. కాకపోతే ఇలాంటి కొలతలకి గడువుండాలి. ఆటగాళ్ళు ఏటేటా బలపడుతుంటే గీతని కూడా జరుపుతూ ఉండాలి, ఎప్పుడు జరపాలో వాళ్ళనే అడగాలి. కిక్-ఆఫ్ ఎంపిక ఇలాంటి కొలత కూడా కాదు. ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా వంతు వంతే.

అందుకే నాకు నచ్చని ఆలోచన ఇంకొకటుంది. కొత్త నియమాన్ని ముందు మహిళల మ్యాచ్‌లలో పెట్టి చూద్దాం, బాగుంటే మగవాళ్ళకి తెద్దాం అనేది. వినడానికి గౌరవంగానే ఉంటుంది, మీరే ముందుండండి అన్నట్టు. సాఫ్ట్‌వేర్‌లో కొత్త వెర్షన్‌ని అందరి మీదా ఒకేసారి వదలం, ముందు కొద్దిమంది మీద వదిలి చూస్తాం. ఆ కొద్దిమందిని ఎలా ఎంచుతారో ఆ మీటింగుల్లో కూర్చున్నవాళ్ళకి తెలుసు. పాడైతే ఎవరి ఫిర్యాదుకి ఖర్చు తక్కువో వాళ్ళని. పెద్ద మార్కెట్‌ని ముట్టుకోరు. ఆ పద్ధతి కంపెనీకి తెలివే కావచ్చు, న్యాయం మాత్రం కాదు. ఏడాదికి 210 నిమిషాలే ఉన్నవాళ్ళ దగ్గర ప్రయోగం చేసి, ఏడాదంతా ఆట ఉన్నవాళ్ళని కాపాడటం కూడా అలాంటిదే. ప్రయోగం చేయొద్దనడం లేదు. సన్నాహక మ్యాచ్‌లున్నాయి, చూడొచ్చు. ఆడేవాళ్ళు ఒప్పుకుని ఉండాలి, అదే ఏడాది మగవాళ్ళకీ వర్తించాలి. అసలు రగ్బీ లీగ్ అనే ఆటే 1895 ఆగస్టులో హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో, ఆట కోసం పని మానుకున్న కార్మికులకి పోయిన కూలి ఇవ్వాలా వద్దా అన్న తగాదాలో విడిపోయి పుట్టింది. ఆడేవాళ్ళ మాట వినకపోవడం దానికి నప్పదు.

ఆట మళ్ళీ మొదలవడం గురించి మాట్లాడుతూ, కిక్-ఆఫ్ కంటే పెద్ద పునఃప్రారంభాన్ని మర్చిపోకూడదు. తర్వాతి మ్యాచ్ ఉందా లేదా అన్నది. 2022 దాకా మహిళల ఆరిజిన్ ఏడాదికి ఒకటే మ్యాచ్. 2023లో రెండు చేశారు. మొదటిది క్వీన్స్‌లాండ్ 18-10తో గెలిచింది, టౌన్స్‌విల్‌లో రెండోది న్యూ సౌత్ వేల్స్ 18-14తో గెలిచింది. చెరొకటి. మూడో మ్యాచ్ లేదు. రెండు మ్యాచ్‌ల పాయింట్లూ కూడి 32-28తో క్వీన్స్‌లాండ్‌కి కప్పు ఇచ్చారు. ఆ రాత్రి మ్యాచ్ గెలిచినవాళ్ళు కప్పు లేకుండా ఇంటికెళ్ళారు. నియమం ముందే రాసి ఉంది, ఎవరూ మోసం చేయలేదు. కానీ తొలి మ్యాచ్‌లో వచ్చిన తేడా రెండో మ్యాచ్‌లోకి కూడా నడిచొచ్చింది, మళ్ళీ సమానంగా నిలబడే చోటే లేకపోయింది. 2024లో మూడు మ్యాచ్‌లయ్యాయి. మొదటిది క్వీన్స్‌లాండ్ 22-12తో ఓడిపోయింది. రెండోది న్యూకాజిల్ వానలో 11-10, లారెన్ బ్రౌన్ కొట్టిన ఒక్క పాయింట్ ఫీల్డ్ గోల్ తేడా. మూడోది 22-6తో గెలిచి సిరీస్ తీసుకుంది. తర్వాతి ఏడాది సిరీస్ న్యూ సౌత్ వేల్స్‌ది. మూడో మ్యాచ్ ఎవరికీ గెలుపు బహుమతిగా ఇవ్వలేదు. గెలవడానికి చోటిచ్చింది.

ఆ న్యూకాజిల్ వానే ఎంపిక నియమం గురించిన చివరి సందేహానికి కూడా జవాబు చెబుతుంది. ఎంపిక ఇస్తే అందరూ బంతే అడుగుతారు, ఇంక అది ఎంపిక ఎలా అవుతుంది అంటారు. తడిసిన బంతి సబ్బులా జారుతుంటే, సొంత గోల్ గీతకి పదడుగుల దూరంలో దాన్ని అందుకోవాలని ఏ కెప్టెన్‌కి ఉంటుంది? తన్నేసి ప్రత్యర్థి జారవిడిచే క్షణం కోసం కాచుకోవడమే మేలనిపిస్తుంది. ఎదురుగాలి ఉంటే ఒక లెక్క, పది నిమిషాలే మిగిలి ఎనిమిది పాయింట్లు వెనకబడి ఉంటే ఇంకో లెక్క. మన ఇళ్ళలో ఇద్దరు పిల్లలకి ఒక జామకాయ ఇస్తే ఒకరిని కొయ్యమంటాం, ఇంకొకరిని ఎంచుకోమంటాం. ఎంచుకునే పిల్లకి మనం ఎక్కువ ముక్క ఇవ్వలేదు. ఏ ముక్క ఎక్కువో చూసుకునే బాధ్యత ఇచ్చాం. తర్వాత ఏడవడానికి ఉండదు.

వెనకబడినవాళ్ళకి ఇవ్వగలిగినవాటిలో పాయింట్ల కంటే, సానుభూతి కంటే ఇదే మర్యాదైనది అని నాకనిపిస్తుంది. ఆలోచించుకునే ఒక నిమిషం, నిర్ణయించుకునే హక్కు. స్కోర్ చేసినవాళ్ళ నాలుగు పాయింట్లూ బోర్డు మీద అలాగే ఉంటాయి. కెప్టెన్ మైదానం మధ్యకి నడుస్తుంది. రిఫరీ ఆమెని అడుగుతాడు, తన్నుతారా, అందుకుంటారా అని. ఇవాళ్టి నియమంలో ఆ ప్రశ్న లేదు. దాన్ని చేర్చడానికి రూల్ పుస్తకంలో ఒక వాక్యం చాలు. ఆ వాక్యం ఆడవాళ్ళ పుస్తకంలోకీ మగవాళ్ళ పుస్తకంలోకీ ఒకే రోజు రావాలి.